అరువు గొంతు మనకొద్దు

ఈసారి కొంచెం కోపంగా రాస్తున్నాను. పక్కన నిఘంటువు పెట్టుకుని రాసే కోపం కాబట్టి నెమ్మదిగానే వస్తుంది. ఓపిక పట్టండి.

విషయం ఇది. ఇంట్లోనే, ఫోనుతో, డబ్బు లేకుండా షార్ట్ ఫిల్ములు తీసే మనవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. అది సంతోషమే. కానీ ఉన్న నాలుగు ర్యాండ్లూ బొమ్మ మీదే పెడుతున్నారు. ఫోనుకు స్టాండు కొంటారు, గుండ్రటి లైటు కొంటారు, మేనమామ కొడుకును అడిగి డ్రోను తెస్తారు. మాటల దగ్గరికి వచ్చేసరికి 'మన తెలుగు బాగుండదు' అంటారు. ఇండియాలో ఎవరికో డబ్బులు పంపి డబ్బింగ్ చెప్పిస్తారు. నోరు డర్బన్‌లో కదులుతుంది, గొంతు హైదరాబాదు నుంచి వస్తుంది. దీనికి వాళ్ళు పెట్టిన పేరు 'క్వాలిటీ'. నేనైతే నోరు నొక్కెయ్యడం అంటాను.

మా అవ్వ ఒక సామెత చెప్పేది: ఎరువు సొమ్ము బరువు చేటు. నాతోపాటు నేర్చుకుంటున్నవాళ్ళ కోసం ఒక మాట. ఇక్కడ ఎరువు అంటే పొలంలో వేసేది కాదు, అడిగి తెచ్చుకున్నది, అంటే అరువు. సొమ్ము అంటే నగ. పెళ్ళికి పక్కింటావిడ గొలుసు వేసుకుని వెళ్తే మెడకు బరువు, పోగొడితే చేటు. అరువు గొంతూ అలాంటిదే.

నేను సినిమా మనిషిని కాదు. అరవై దాటాయి. గుడిలో సేవ చేస్తాను: కుర్చీలు వెయ్యడం, పులిహోర కలపడం, భజన రోజు మైకు చూసుకోవడం. నా చదువంతా ఇంగ్లీషులోనే. నేను చదివిన బడిలో తెలుగు అక్షరం కనబడేది కాదు. చదవడం, రాయడం యాభై అయిదు దాటాక నాకు నేనే నేర్చుకున్నాను. కానీ మైకు దగ్గర ఇరవై ఏళ్ళు నిలబడ్డాను. తెర మీద బొమ్మ మసగ్గా ఉన్నా జనం కూర్చుని చూస్తారు. మాట వినబడకపోతే లేచి టీ తాగడానికి పోతారు. ప్రతి ఉగాదికీ నేను చూసేది ఇదే.

ఇక ఈ కోపం ఎందుకు వచ్చిందో చెబుతాను. ఇక్కడ ఒక షార్ట్ ఫిల్ముల పోటీ జరిగింది. ఎవరు పెట్టారో చెప్పను, అది ముఖ్యం కాదు. అయిదు నిమిషాలు, తెలుగులో ఉండాలి, అంతే షరతు. మా గుడికి వచ్చే ఒక పద్నాలుగేళ్ళ పిల్ల వాళ్ళ అవ్వ మీద తీసింది. వంటిల్లు, ఒక ఫోను, కిటికీ వెలుతురు. పైసా ఖర్చు లేదు. అవ్వ చింతపండు పిసుకుతూ మనవరాలితో అంటుంది: "యాడికే పోయేది? ఈడ కూచో. రవంత తిని పో."

పోటీ వాళ్ళ దగ్గరనుంచి జవాబు వచ్చింది. కథ బాగుంది, ఉచ్చారణ స్పష్టంగా లేదు, డబ్బింగ్ చేయించి మళ్ళీ పంపండి అని. తల్లిదండ్రులు డబ్బులు కట్టి చేయించారు. కొత్త గొంతు చాలా తియ్యగా ఉంది. "ఎక్కడికి వెళ్తున్నావమ్మా? ఇక్కడ కూర్చో. కొంచెం తిని వెళ్ళు." గొంతుతో పాటు మాటలూ మారిపోయాయి. సినిమాకు బహుమతి వచ్చింది, హాల్లో చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న అవ్వ కూతురివైపు తిరిగి, "ఎవురే మాట్లాడేది?" అని అడిగింది.

ఆ చలికాలంలోనే అవ్వ పోయింది. ఫోనులో చోటు చాలక ఆ పిల్ల అసలు రికార్డింగు ఎప్పుడో తీసేసింది. ఇప్పుడు ఆ ఇంట్లో అవ్వ కదిలే బొమ్మ ఉంది. మాట్లాడేది మాత్రం ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ.

పిల్ల తప్పు ఇందులో ఏమీ లేదు. తల్లిదండ్రులదీ లేదు. 'స్పష్టంగా లేదు' అన్న ఆ ఒక్క మాట మీదే నా కోపం. ఎవరికి స్పష్టంగా లేదు?

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకు వచ్చింది. తర్వాత 1911 వరకూ కూలీల ఓడలు వస్తూనే ఉన్నాయి. వాటిలో దిగిన తెలుగువాళ్ళలో విశాఖపట్నం వైపు వాళ్ళు ఉన్నారు, చిత్తూరు వైపు వాళ్ళు ఉన్నారు. ఊళ్ళో ఉంటే ఒకరి మొహం ఒకరు చూసేవాళ్ళు కాదు. ఇక్కడ చెరుకు తోటల్లో పక్కపక్కనే బతికారు. వాళ్ళ తెలుగులు కలిసిపోయాయి. పక్కన తమిళం, భోజ్‌పురి, జులూ, ఇంగ్లీషు ఉండనే ఉన్నాయి. అవ్వ నోట్లో 'యాడ', 'ఈడ' అలా వచ్చినవే. అవి చెడిపోయిన మాటలు కావు. రాయలసీమలో ఈ రోజుకీ అంటారు. పుస్తకంలో లేనంత మాత్రాన తప్పయిపోదు. వాళ్ళ అవ్వకు ఆ మాటలు ఇచ్చింది వాళ్ళ అవ్వ. అప్పుడు ఓడలో పెట్టె లేకపోయినా నోట్లో మాట ఉంది.

ఇంకొకటి చూడండి. మన దేశ రాజ్యాంగం, 1996 నాటిది, 6వ సెక్షన్. ఈ దేశంలో గౌరవించి ప్రోత్సహించాల్సిన భాషలంటూ అక్కడ ఒక జాబితా ఉంది. గుజరాతీ, హిందీ, తమిళం, ఉర్దూలతో పాటు మన భాష పేరూ ఉంది. ఇంగ్లీషు ప్రతిలో దాన్ని 'తెలెగు' అని వచ్చేలా రాశారు. ఒక అక్షరం తప్పు. అయినా ఆ హక్కు మనది కాకుండా పోలేదు. రాజ్యాంగమే మన పేరు తప్పు రాసి మన పక్కన నిలబడితే, 'యాడ' అన్నందుకు ఒక ముసలావిడ గొంతు తీసేసే అధికారం పోటీ వాళ్ళకు ఎవరిచ్చారు?

వాళ్ళ వాదన నాకు తెలుసు. 'తెలుగు సినిమాలో డబ్బింగ్ మామూలే కదా ఆంటీ' అంటారు. నిజమే. 2010లో వచ్చిన ఏ మాయ చేసావేలో సమంతకు గొంతు ఇచ్చింది చిన్మయి. ఇద్దరూ బాగా చేశారు. కానీ అది వ్యాపారం. టికెట్టు అమ్మాలి, చూసేవాళ్ళు లక్షల్లో ఉంటారు. మన సినిమా ఎవరు కొంటున్నారు? మనం చూసుకోవడానికి, మన మనవలు చూడడానికి తీసేది మనది. పెద్ద సినిమాలో ఉన్న అవసరం మనకు లేదు. అవసరం లేని చోట దాని అలవాటు మాత్రం ఎందుకు తెచ్చుకోవాలి?

పైగా ఆ పెద్ద సినిమా కూడా మారుతోంది. 2018లో కేరాఫ్ కంచరపాలెం వచ్చింది. దర్శకుడు వెంకటేష్ మహా. విశాఖపట్నంలోని కంచరపాలెంలో తీశారు. అందులో కనబడేవాళ్ళు చాలామంది ఆ పేటవాళ్ళే, అంతకు ముందు నటించినవాళ్ళు కారు. నిర్మాత పరుచూరి ప్రవీణ అమెరికాలో వైద్యురాలు. అక్కడి మాట అక్కడి మనిషి నోట్లోంచి వస్తుంటే జనం దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. 2023లో బలగం వచ్చింది, తెలంగాణ పల్లె మాటతో. దాన్నీ అలాగే చూశారు. మన ముత్తాతల్లో కొందరు ఓడ ఎక్కింది విశాఖ వైపు నుంచే కదా. విశాఖ పేట మాట వెండితెర మీద వినబడవచ్చు, చాట్స్‌వర్త్ మాట గుడి హాల్లో వినబడకూడదా?

ఇంకా దగ్గరి ఉదాహరణ చెబుతాను. 2004లో మన డర్బన్‌లోనే బ్రోకెన్ ప్రామిసెస్ అనే సినిమా వచ్చింది. చిన్న ఖర్చు, పెద్ద నవ్వు. అందులో మనుషులు మన డర్బన్ ఇంగ్లీషు మనం మాట్లాడినట్టే మాట్లాడతారు. దాన్ని లండన్ గొంతుతో డబ్బింగ్ చెయ్యమని ఎవరైనా అడిగారా? అడిగి ఉంటే మనం ఊరుకునేవాళ్ళమా? ఇంగ్లీషుకు మనం ఇచ్చుకున్న ఆ స్వేచ్ఛ తెలుగుకు మాత్రం ఇవ్వం. తెలుగు అనగానే వెన్ను వంగిపోతుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. 'డబ్బు లేదు కాబట్టి ధ్వని బాగా రాదు, అందుకే డబ్బింగ్' అనేవాళ్ళకు మూడు సినిమాలు చెబుతాను.

ఎల్ మారియాచి, 1992. రాబర్ట్ రోడ్రిగెజ్ సుమారు 7,000 డాలర్లతో మెక్సికోలో తీశాడు. మందుల పరీక్షలకు తన ఒళ్ళు అప్పగించి కొంత డబ్బు సంపాదించాడు. అతని కెమెరాలో ధ్వని రికార్డు అయ్యేది కాదు. ఏం చేశాడు? షాట్ అయిపోగానే అక్కడికక్కడే, అదే నటుల చేత, అవే మాటలు మళ్ళీ చెప్పించి మామూలు టేపు రికార్డరులో పట్టుకున్నాడు. కెమెరా మూగదైనా మనిషి గొంతు మార్చలేదు.

టాంజరీన్, 2015. షాన్ బేకర్ దాన్ని ఐఫోన్ 5ఎస్‌తో తీశాడు. ఫోనుతో సినిమా తియ్యొచ్చు అనడానికి అందరూ దీన్నే చూపిస్తారు. సగం మాటే చెబుతారు. బొమ్మ ఫోనుకు వదిలాడు కానీ మాట వదల్లేదు. ధ్వనికి వేరే మంచి పరికరాలు వాడాడు.

దిస్ ఈజ్ నాట్ ఎ ఫిల్మ్, 2011. ఇరాన్ దర్శకుడు జాఫర్ పనాహీని సినిమాలు తియ్యకూడదన్నారు. ఆయన టెహ్రాన్‌లో తన ఇంట్లోనే కూర్చుని తీశాడు, కొంత భాగం ఫోనుతో. ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి, దాన్ని కేకులో దాచి కాన్ పండగకు పంపారని చెప్పుకుంటారు. నోరు మూసుకో అన్నవాళ్ళకు ఆయన ఇంట్లో కూర్చునే జవాబు చెప్పాడు. మనల్ని నోరు మూసుకోమన్న ప్రభుత్వం ఏదీ లేదు. మనమే మూసుకుంటున్నాం.

సరే, మరి మన గొంతు బాగా వినబడాలంటే ఏం చెయ్యాలి? డబ్బు అక్కర్లేదు. గుడి మైకు నాకు నేర్పిన నాలుగు ముక్కలు చెబుతాను.

మొదటిది దూరం. ఖాళీ చోట దూరం రెట్టింపు అయితే ధ్వని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. బొమ్మ తీసే ఫోను గది అవతల ఉంటుంది. మాట దానికి అందేసరికి అలిసిపోతుంది. అందుకే రెండో ఫోను కావాలి. అద్దం పగిలి సొరుగులో పడేసిన పాతదైనా సరే. దాన్ని మాట్లాడే మనిషికి మూరెడు దూరంలో పెట్టండి. మూర అంటే మోచెయ్యి నుంచి వేళ్ళ కొస దాకా. చొక్కా జేబులో, కొత్తిమీర కట్ట వెనకాల, ఎక్కడైనా దాచొచ్చు. రెండు ఫోన్లలోనూ విమానం మోడ్ పెట్టండి. మొదలుపెట్టే ముందు ఒక్క చప్పట కొట్టండి. ఎడిటింగులో రెండు రికార్డింగుల్లో చప్పట ఉన్న చోటు కలిపితే పెదవీ మాటా కలిసిపోతాయి. ఒక్కో షాట్ ఒకటి రెండు నిమిషాలే ఉంచండి. ఎక్కువసేపు నడిస్తే రెండు ఫోన్లూ మెల్లగా విడిపోతాయి.

రెండోది గది. వంటింట్లో టైల్స్ ఉంటాయి, మాట గోడకు కొట్టి తిరిగి వస్తుంది. కెమెరాకు కనబడని వైపంతా దుప్పట్లు వెయ్యండి. గుడి సేవకుల దగ్గర కుర్చీలకు, దుప్పట్లకు కరువు లేదు, అడగండి.

మూడోది ఫ్రిజ్. మన చెవి దాన్ని మరిచిపోతుంది, ఫోను మరిచిపోదు. తీసినంతసేపూ ఆపెయ్యండి. కారు తాళం ఫ్రిజ్ లోపల పెట్టండి. ఇంటికి వెళ్ళేటప్పుడు తాళం కోసం తలుపు తీస్తారు, ఫ్రిజ్ మళ్ళీ వెయ్యడం గుర్తొస్తుంది. సినిమాల్లో ధ్వని పనిచేసేవాళ్ళు వాడే పాత ఉపాయం ఇది. లోడ్ షెడింగ్ రోజుల్లో అయితే వీధి మొత్తం ఫ్రిజ్‌లు ఊరికే ఆగేవి. పక్కింట్లో జెనరేటర్ లేకపోతే అంత నిశ్శబ్దం డబ్బిచ్చినా దొరకదు.

నాలుగోది, పని అయ్యాక ఎవరూ కదలకుండా అరనిమిషం ఆ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చెయ్యండి. మాటల మధ్య కోసిన చోట ఆ నిశ్శబ్దం అతికిస్తే అతుకు తెలియదు. మధ్యలో హడీడా పక్షులు అరుచుకుంటూ పోతే తిట్టుకోకండి. అవి లేని డర్బన్ ఎక్కడుంది? ఉండనివ్వండి.

అప్పటికీ మిగిలిన డబ్బుంటే చొక్కాకు తగిలించుకునే చిన్న మైకు కొనండి. డ్రోను మాత్రం మేనమామ కొడుక్కు తిరిగి ఇచ్చెయ్యండి.

ఇప్పుడు అసలు సంగతి, మనలాంటి నేర్చుకునేవాళ్ళకు. ఎడిటింగ్ ఎప్పుడైనా చేశారా? ఒక్క వాక్యం సరైన చోట కోయడానికి దాన్ని ఇరవై సార్లు, ముప్పై సార్లు వింటారు. 'పోయేది' లో 'యే' ఎక్కడ మొదలైందో చెవితో వెతుకుతారు. ళ కీ ల కీ తేడా పుస్తకంలో చదివితే ఒక చెవిలోంచి వెళ్ళిపోతుంది. మన నోట్లో 'కళ' కాస్తా 'కల' అయిపోవడం మనమే ముప్పై సార్లు విన్నాక ఎవరూ చెప్పక్కర్లేకుండా నాలుక సర్దుకుంటుంది. ఇంత మంచి పాఠం మాకు ఏ తరగతీ ఇవ్వలేదు. డబ్బింగ్ చేయించినవాడు ఏం చేశాడు? ఫీజు తనే కట్టి, ఆ పాఠం ఇండియాలో ఇప్పటికే తెలుగు బాగా వచ్చిన మనిషికి చెప్పించాడు.

'అయినా చూసేవాళ్ళకు అర్థం కావాలి కదా' అనేది ఇంకో మాట. కావాలి. దానికి కింద అక్షరాలు వెయ్యండి, తెలుగు అక్షరాలు. అవ్వ 'యాడ' అంటే 'యాడ' అనే రాయండి, దిద్దకండి. వింటూ చదివినప్పుడు చెవీ కన్నూ ఒకేసారి నేర్చుకుంటాయి. ఇంగ్లీషు అక్షరాలు వేస్తే మన కన్ను అటే పోతుంది, అలవాటు అలాంటిది. ఇండియా నుంచి చుట్టాలు చూసి నవ్వుతారంటారా? నవ్వనివ్వండి. నూట అరవై ఏళ్ళ తర్వాత ఇంకా తెలుగే మాట్లాడుతున్నామని వాళ్ళకు తెలియాలంటే ముందు మన గొంతు వినబడాలి.

చివరికి మిగిలేది సిగ్గు. 'పిల్లలు తమ గొంతు విని సిగ్గుపడతారు' అంటారు. నిజం. రికార్డింగులో తన గొంతు విని సిగ్గుపడని మనిషిని నేను చూడలేదు. పూజారిగారు కూడా పడతారు. అది రెండు రోజుల్లో పోతుంది. కానీ నీ గొంతు పనికిరాదు అని తెర మీద, వందమంది ముందు, పెద్దలే చూపిస్తే వచ్చే సిగ్గు పోదు. ఆ పిల్ల అప్పటినుంచీ గుడిలో తెలుగు మాట్లాడడం లేదు. మైకు ఇస్తే పక్కవాళ్ళకు ఇచ్చేస్తోంది. పోటీ పెట్టింది తెలుగును బతికించడానికే అన్నారు. ఆ పిల్ల నోట్లో ఉన్నది చంపి ఎక్కడ బతికిస్తారు?

కాబట్టి పోటీలు పెట్టేవాళ్ళకు నేను అడిగేది ఒక్క షరతు: తెర మీద కనబడే మనిషి గొంతే వినబడాలి. బొమ్మ ఎలా ఉన్నా తీసుకోండి. ఉచ్చారణకు మార్కులు తీసెయ్యండి. ధ్వని సరిగ్గా రాకపోతే మళ్ళీ అదే మనిషి చేత చెప్పించమనండి. ఫోను లేని ఇంటికి మేం గుడి సేవకులం వస్తాం, రికార్డు చేసి పెడతాం. మా పెద్ద మైకు కూడా తెస్తాం.

మీకు చెప్పేది ఇంకా చిన్నది. ఈ ఆదివారం అన్నం తిన్నాక ఫ్రిజ్ ఆపండి. కారు తాళం లోపల పెట్టండి. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళను కిటికీ దగ్గర కూర్చోబెట్టి మూరెడు దూరంలో ఫోను పెట్టండి. కథ అక్కర్లేదు. పప్పు ఎలా వండుతారో అడగండి, చిన్నప్పుడు ఎవరు కొట్టారో అడగండి. మధ్యలో దిద్దకండి. అయిదు నిమిషాలు చాలు. తర్వాత ఆ రికార్డింగు రెండు చోట్ల దాచండి, ఒకటి మీ ఇంట్లో, ఒకటి వేరే ఇంట్లో. ఫోనులో చోటు చాలకపోతే డ్రోను బొమ్మలు తీసెయ్యండి.